నడుమ ఇడిసిన దిమ్మె

గద్వాల,
18-7-2006

బల్మూరుల ఉన్న బామ్మర్ది వెంకట్రాములుకు, నీ అక్క మొగడు చెన్నయ్య రాసేది.

మా ఇంట్ల విస్తరి ముందరికెల్లి సగం బువ్వల నువ్వు లేసిపోయి పద్దెనిమిదేండ్లాయె. కొత్తింట్ల పాలు పొంగిచ్చిన దినం. బంతిల నలభై మంది కూసున్నరు. నేను పాత మట్టిపనుల ముచ్చట్లు జెప్తున్న, అందరు నవ్వుతున్నరు. నువ్వు ఎంగిలి చెయ్యి కడుక్కోకుంటనే చెప్పులేసుకున్నవ్. "కూరల ఉప్పయిందా బామ్మర్దీ" అని అందరి ముందర అడిగితి. మల్లి జూడలే. నీ విస్తరి మీ అక్క తీసింది, ఏడ్సుకుంట తీసింది. నా ఇంట్ల నా బువ్వను కాదన్నోనివి నువ్వొక్కనివే. అది నేను మరువలే.

మొన్న వైశాకంల మీ అక్క పోతె వచ్చినవ్. మూడు పిడికిళ్ల మన్నేసి, గడప తొక్కకుంట బస్సెక్కినవ్. ముత్తైదువ పోయింది, ఆకుపచ్చ చీర కట్టాలె అని ఆడోళ్లు అన్నరు. పెట్టె దులిపితె ఒక్కటన్న పచ్చది లేదు. నేను దుకాణానికి ఉరికితి. నువ్వు అరుగు కింద నిలవడి నేల జూస్తుంటివి.

కొట్లాటకు రాస్తలేను. పని వడి రాస్తున్న. దవాఖానల ఆఖరి దినాల మీ అక్క ఒక్కటే మాట పట్టింది. "మా తల్లిని పెట్టిన కాడ పిడికెడు మన్ను తెచ్చి నా మీద ఎయ్యి. నా మన్ను కొంచెం తీస్కపొయి దాని మీద ఎయ్యి. నువ్వే తేవాలె. నీ చేతుల్తోనే తేవాలె, చేతుల్తోనే. ఏడ పెట్టిండో ఎంకటి జెప్తడు." ఆ బిడ్డను తల్లి అనే అంటుండె, మాకు ఉన్నది ఆ ఒక్క కాన్పు. ఇరవై మూడేండ్ల కింద మీ కొండల కింద కాల్వ తవ్వుతున్నప్పుడు, నేను మిరుగం కార్తెల ఇత్తనాలకు ఇంటికి వస్తె, ఆ గుడిసెలనే పుట్టె, తొమ్మిదోనాడు పాయె. నేను మొకం గూడ జూడలే. మేనమామవు నువ్వు పెట్టినవ్. నేను మల్ల పనికి వచ్చిన దినం పొద్దుగూకంగ, పుట్టిందని పోయిందని ఒక్క మాటల జెప్పినవ్. జూపియ్యమంటె బండకింద పెట్టిన అన్నవ్, రేపు జూపిస్త అన్నవ్. ఆ రేపు ఇంకా రాలే. మీ అక్కకు జరం జోరయ్యి మేము బండి గట్టుకొని వచ్చేస్తిమి.

ఏ బండ, ఏ పక్క, ఎన్ని అడుగులు. రాయి. పెద్దలకు పెట్టే పెత్తరమాస లోపల ఆ మన్ను ఆమె మీద పడాలె.

మూల మీద ఫోను డబ్బ ఉంది. ఫోన్ల అయితె నువ్వు ఆఁ ఆఁ అని పెట్టేస్తవ్. కాయిదం మీద అయితె అబద్ధం గూడ నిలవడి ఉంటది, పట్టుకోవచ్చు. నేను యాభై ఏండ్లప్పుడు పెద్దోళ్ల బడిల నేర్సిన నాలుగు అక్షరాలతోని రాస్తున్న. తప్పులుంటె నవ్వుకో, జవాబు మాత్రం రాయి.

చెన్నయ్య


బల్మూరు,
6-8-2006

బావకు వెంకట్రాములు దండాలు పెట్టి రాసేది.

నీ ఉత్తరం అందింది. మూడుసార్లు చదువుకున్న. విస్తరి సంగతిల తప్పు నాదే. అందరి ముందర నీ తల దించిన. నీ కాళ్లకు మొక్కి ఒప్పుకుంటున్న. ఇంక ఆ మాట ఎత్తకు బావా.

నువ్వు అడిగిన జాగా ఇప్పుడు లేదు. అంటే ఉంది, కని ఆనవాలు లేదు. ఇరవై మూడేండ్లల్ల పరికి చెట్లు, బలుసు పొదలు కమ్ముకున్నయి. బండలు అన్నీ ఒక్క తీరే ఉన్నయి. ఎలుగుబంట్లు తిరుగుతయని మ్యాకలోళ్లు గూడ అటు పోరు. నేను పోయి ఎతికిన, దొరకలే.

నా మాట ఇను. కొండ కింద మన్నంత ఒక్కటే మన్ను. నేను మంచి జాగల పిడికెడు తీసి, పసుపు గుడ్డల కట్టి, గద్వాల దిక్కు వచ్చెటోళ్లతోని పంపిస్త. నువ్వు అక్క మీద ఎయ్యి. అక్క ఏమనుకోదు. వానలు పడుతున్నయి, నీ మోకాళ్లు బాగలేవని విన్న. ఇంత దూరం రాకు. మా ఇంట్ల రుక్కమ్మ నిన్ను అడిగినట్టు రాయమంది. ఈ ఏడు ఆముదాలు ఏసినం, మొలక మంచిగనే వచ్చింది.

నీ బామ్మర్ది
వెంకట్రాములు


గద్వాల,
20-8-2006

వెంకట్రాములూ,

ఏడిదో మన్ను పొట్లం కట్టి పంపిస్తవా? అదేమన్న ఉప్పు పొట్లమా? సచ్చినామెను గూడ మోసం జేద్దామని జూస్తున్నవ్. ఆముదాల సంగతి నిన్ను ఎవరడిగిండ్రు.

నేనే వస్తున్న. మొన్న బస్సుకే బయలెల్లిన. ఆమె మీది మన్ను తీసి ముంతల పోసి, మూతికి గుడ్డ కట్టి ఒళ్లె పెట్టుకున్న. పక్కన కూసున్న ముసలమ్మ "పెరుగా తాతా" అన్నది. "కాదు, నా పెండ్లాం బొంద మీది మన్ను" అన్న. బస్సుల సగంమంది లేసి నిలవడ్డరు. కండక్టరు పిల్లగాడు దండం పెట్టి దిగమన్నడు. దిగిన. వానిది తప్పు లేదు. బొంద మన్ను నలుగురు కూసున్న కాడ పెట్టొద్దు, ఒకరి చూరు కింద దాటియ్యొద్దు. నాకు తెల్వంది గాదు. పెరుగు అంటె అయిపోవు. కని నేను అబద్ధం ఆడ. అది మీ ఇంట్ల అలవాటు.

అందుకే సైకిలు తీసిన. చైను మార్పిచ్చిన, ఎనక టైరు కొత్తది. ముంత ముందట హ్యాండిలుకు ఉట్టి కట్టి ఏలాడదీసిన. గద్వాలకెల్లి బీచుపల్లి వంతెన దాటి పెబ్బేరు, ఆడికెల్లి వనపర్తి, బిజినేపల్లి, నాగర్‌కర్నూల్, మల్ల మీ బల్మూరు. దినానికి పదిహేను మైళ్లు తొక్కిన చాలు. మోకాళ్లు నావి, నొప్పి నాది.

వనపర్తిల జోసెఫ్ ఉన్నడు గద, మన గుంపుల పనిజేసినోడు. బస్టాండు ఎనక పంచర్ దుకాణం పెట్టుకున్నడు. వాని పేరు మీద జవాబు రాయి. జాగ గుర్తు జెప్తె మంచిది. లేకుంటె వచ్చి నీ రెక్క పట్టుకొని ఆ పొదల్లకు తీస్కపోత. ఎలుగుబంటి వస్తె నిన్ను ముందల పెడత.

చెన్నయ్య


బల్మూరు,
28-8-2006

వనపర్తిల జోసెఫన్న దుకాణం కాడికి వచ్చే మా బావ చెన్నయ్యకు.

బావా, ఇది అందిన కాడికెల్లే ఎనకకు మల్లు. నీకు పుణ్యముంటది. నేనే గద్వాల వస్త. మీ ఇంట్ల కూసుంట, నువ్వు పెట్టిన బువ్వ తింట, ఏం ఉన్నా ఎదురుంగ జెప్త. దీపావళి దాక యాళ్ల ఇయ్యి. అక్క మన్ను ఇంకో ఏడు పెత్తరమాసకు గూడ ఎయ్యొచ్చు.

జోసెఫన్నతోని పాత ముచ్చట్లు పెట్టుకోకు. ఆయన గుండె మంచిగ లేదు.

వెంకట్రాములు


వనపర్తి,
5-9-2006

వెంకట్రాములూ,

నీ కార్డు అందింది. జోసెఫ్ గుండె రాయి తీరుగ ఉంది. నా ముందట ట్రాక్టరు టైరు ఒక్కడే లేపిండు.

నాలుగు దినాలు పట్టింది ఈడిదాక. వంతెన మీద గాలికి సైకిలు పక్కకు వోయింది, ముంత పట్టుకున్న, నేను పడ్డ. మోచెయ్యి తోలు వోయింది. పెబ్బేరు దాటినంక అంత బయలే. ఎర్ర చెల్కలు, పల్లికాయ చేన్లు, నడుమ నడుమ పడావు బీళ్లు. మైలు మైలుకు ఒక్క తుమ్మ చెట్టు. పొద్దంత తొక్కినా ఏడున్ననో ఆడనే ఉన్నట్టు కొడ్తది. మనిషి కనపడడు. మీ అక్కతోనే మాట్లాడుకుంట తొక్కిన. ఎక్కుడు వస్తె దిగి నూకిన, దిగుడు వస్తె "గట్టిగ పట్టుకో" అన్న. బతికినన్ని దినాలు ఆమెను సైకిలు మీద ఒక్కసారి ఎక్కిచ్చుకోలే. ఎవలన్న జూస్తె నవ్వుతరని. ఊర్లల్ల బువ్వకు రమ్మన్నోళ్లున్నరు. ముంతను ఒకరి చూరు కిందికి తీస్కపోను, దాన్ని ఇడిసి నేను పోను. చెట్ల కిందనే పంటున్న. జరం తీరుగ ఉంది, ఏం గాదు.

ఇప్పుడు అసలు సంగతి. జోసెఫ్ నన్ను జూసి సంబురపడ్డడు. చాయ తెప్పిచ్చిండు. ముంతల ఏందని అడిగితె జెప్పిన. వాడు సైకిలు దిక్కు మల్లిండు. ఎనక ట్యూబుల తుమ్మముల్లు దిగింది, తీస్తుండు. నేను ఊకె కూసోలేక ఆ కాల్వ పని ముచ్చట తీసిన. దిమ్మె ముచ్చట. నీకు యాదికుంటది. కాల్వ గుంతల మడి తవ్వుతుంటె లోతు కొల్వనీకి నడుమ నడుమ మట్టి దిమ్మెలు ఇడుస్తుంటిమి గద, కొలత అయినంక కొట్టేస్తుంటిమి. గుంపుల ఇరవై మంది ఉన్నా దిమ్మె కొట్టుడంటె చెన్నయ్యనే. నాలుగు గడ్డపార పోట్లకు నిలువునా కూలాలె. ఆ నడిమి పెద్ద దిమ్మె కొట్టిన దినం లోపలికెల్లి పచ్చ గుడ్డ మూట ఎల్లింది. ఎవడో చేతబడి జేసి పాతిపెట్టిండు. ఇరవై మందిల ఒక్కడు దగ్గరికి రాలే. అందరి మొకాలు సున్నం తీరుగ అయినయి. నేను ఒక్కన్నే మూడుసార్లు ఉమ్మేసి, ఎడమకాలుతోని గంపలకు నూకి, నా నెత్తిమీదనే మోసుకపొయి కట్ట అవుతల పారబోసిన. ఆ ముచ్చట జెప్తె ఎవలైనా నోరు తెరుస్తరు.

జోసెఫ్ చేతిల ట్యూబు పడేసిండు. "అన్నా, వెంకట్రాములు నీకు జెప్పలేదా" అన్నడు. ఏందిరా అంటె "నేను జెప్పలేను, ఆయన్నే అడుగు" అని దుకాణం లోపలికి వోయి తలుపు దగ్గరికేసుకున్నడు. సగం పంచర్ నేనే ఏసుకున్న.

నువ్వు నాకు జెప్పంది ఏందిరా. గుంపంతకు తెలిసి నాకు తెల్వంది ఏందిరా. నాగర్‌కర్నూల్ పోస్టాఫీసుల నా పేరు మీద ఉంచమని రాయి. ఈసారి పొదలు, ఎలుగుబంట్లు వద్దు.

చెన్నయ్య


బల్మూరు,
8-9-2006

బావా,

ఇది చదివేముందు సైకిలు దిగి కూసో.

తల్లిని ఎలుగుబండ కిందనే పెట్టిన, అది అబద్ధం గాదు. అక్క ఆకుపచ్చ చీర సగం చించి ఇచ్చింది, దాంట్ల చుట్టిన. మూడడుగులు తవ్విన, నా శాతనైనంత. నాలుగు దినాలకు కాల్వ గీత మార్చిండ్రు. సున్నం గీత వచ్చి ఆ బండ కిందికెల్లే వోయింది. సున్నం గీతకు ఎదురు జెప్పెటోళ్లమా మనం. మన మేస్త్రీ అనంతయ్యనే ఉపాయం జెప్పిండు. "దాని మీద పెద్ద దిమ్మె ఇడువుండ్రి. కొలత అయ్యేదాక ఎవడు ముట్టడు. కొలత కాంగనే మేనమామ తీసి ఇంకోకాడ పెట్టుకుంటడు" అన్నడు. ఇరవై మందిమి చుట్టుముట్టు తవ్వినం. ఆ దిమ్మె పక్కకెల్లి నడిచేటప్పుడు గంపలు నెత్తికెల్లి దించుకొని నడిచినం.

మంగళారం కొలతోడు వచ్చి కొలుసుకొని వోయిండు. నేను కొత్త గుడ్డ తెచ్చి పెట్టుకున్న. అందరు బువ్వకు లేసినంక తీద్దామని జూస్తున్న. అప్పుడే నువ్వు బస్సు దిగి సంచితోనే మడిలకు దిగినవ్. గుడిసె దిక్కు గూడ పోలే. "కొలత అయినా దిమ్మెలు నిలవెట్టుకున్నరు, సోమరిపోతుల్లారా" అన్నవ్. గడ్డపార అందుకున్నవ్. నేను నీ చెయ్యి పట్టిన. "ఆగు బావా" అన్న. "దిమ్మె కొట్టుడు నీకెప్పుడు వచ్చెరా" అని నన్ను నూకేసినవ్. నీకు బిడ్డ పుట్టిందని జెప్పాలె. పోయిందని జెప్పాలె. నీ గడ్డపార కింద ఉందని జెప్పాలె. ఏది ముందల జెప్పాలె బావా? నేను అది ఆలోచన జేసేటంతల నాలుగు పోట్లు అయిపోయినయి.

అది చేతబడి గాదు.

మిగిలింది నువ్వే రాసినవ్. ఉమ్మేసింది, కాలు, గంప. మేము చేతబడికి భయపడి నిలవడలే. జోసెఫన్న ఏడుస్తుంటె "ప్రభువున్నోనివి నువ్వు గూడ భయపడ్తవా" అని నువ్వే నవ్వినవ్. తెల్లారి కట్ట అవుతలకు వోయి ఎతికిన. అప్పటికే ఎనిమిది గుంపుల గంపలు దాని మీద పడ్డయి. దొరకలే. ఇయ్యాల్టికి దొరకలే.

నీకు జెప్పొద్దని గుంపంత అనంతయ్య మీద ఒట్టేసుకున్నం. జెప్తె నువ్వు బతుకవని. నువ్వు బతికినవ్, బావా. ఆ ముచ్చట జెప్పుకుంట బతికినవ్. మీ కొత్తింట్ల బంతిల అదే జెప్పినవ్. ఎడమకాలు ఎట్ల లేపినవో లేసి నిలవడి జూపిచ్చినవ్. అందరు నవ్విండ్రు. నా నోట్ల ముద్ద ఉండె. మింగలేకపోయిన. అందుకే లేసిన. కూరల ఉప్పు సరిగ్గనే ఉండె.

జోసెఫన్న తలుపు ఏసుకున్నడు గన్క రాస్తున్న. లేకుంటె నాతోనే మన్నుల పోవు.

వెంకట్రాములు


నాగర్‌కర్నూల్ దాటి రెండు మైళ్లు, తొవ్వ పక్కన,
13-9-2006

వెంకట్రాములూ,

నీ ఉత్తరం పోస్టాఫీసు మెట్ల మీద సదివిన. నాకు సదువు తక్కువ. అక్షరం అక్షరం కూడబలుక్కుంటెనే మాట అయితది. సదువు వచ్చినోనికి ఒక్కసారే దెబ్బ తాకుతది. నాకు ఒక్కొక్క మాటకు ఒక్కొక్కటి తాకింది. ఉ, మ్మే, సిం, ది. గట్ల.

నిన్ను తిట్టను. నువ్వు చెయ్యి పట్టినవ్, నూకింది నేను. గడ్డపార నాది, కాలు నాది. నోరు గూడ నాదే. ఆ ముచ్చట ఎన్నిసార్లు జెప్పిన్నో లెక్క లేదు. పెండ్లిళ్లల్ల జెప్పిన, కల్లు కాడ జెప్పిన, దినాల కాడ జెప్పిన. చెన్నయ్య గుండె ధైర్యం సూడుండ్రి అని నేనే జెప్పుకున్న. నాకు బతుకుల చెప్పుకోనీకి అదొక్కటే ఉండె.

ఈడికెల్లి మీ కొండలు కనవడ్తున్నయి. నీలంగ, గీత గీసినట్టు. గద్వాల ఇడిసిన సంది అవి ఎప్పుడు కనవడ్తయా అని తొక్కిన. ఇప్పుడు వాటి మొకం జూడలేక సైకిలు అటు తిప్పి నిలవెట్టిన. ముంత తుమ్మ కొమ్మకు కట్టిన. జరం తగ్గలే. ఇటు పోయేటోళ్లు నీళ్లిస్తున్నరు. ముంతల ఏందని ఒక్కరు అడుగుతలేరు. అడిగితె పెరుగు అంట.

జాగ సంగతి నువ్వు జెప్పే పని లేదు. కట్ట అవుతల, తూము రాయికి ఎడమ దిక్కు, పది అడుగుల కింద. పారబోసినోన్ని నేను, నాకు తెల్వదా. గంప దులిపి బోర్లిచ్చి కొట్టిన గూడ. ఎనిమిది గుంపుల మన్ను పడ్డదంటివి. ఆ గుంపులల్ల నా గంపలు గూడ ఉన్నయి. తవ్వుత. తవ్వుడు నాకు వచ్చు.

అడిగేది అది గాదు. నీ ఉత్తరంల ఒక్క మాట లేదు. మూడుసార్లు కూడబలుక్కున్న, ఏడ లేదు.

మీ అక్కకు తెలుసా?

నేను ఆ ముచ్చట ఎప్పుడు తీసినా ఆమె లేసి లోపలికి పోతుండె. నీళ్లకు వోయింది అనుకుంటుంటి. నీ విస్తరి ఏడ్సుకుంట తీసింది, నా పరువు పాయెనని ఏడుస్తుంది అనుకున్న. ఇరవై మూడేండ్లు ఆకుపచ్చ చీర కట్టలే, గాజులు గూడ ఎర్రవే. ఏందే నీ పిచ్చి అని నవ్విన. దవాఖానల "నీ చేతుల్తోనే తేవాలె" అన్నది, చెయ్యి పట్టుకొని అన్నది. చేతుల్తోనే అని రెండుసార్లు అన్నది. "ఏడ పెట్టిండో ఎంకటి జెప్తడు" అన్నది. జాగ కోసం పంపిందా, ఇది ఇనమని పంపిందా?

నాకు తెలిసినట్టే ఉంది. కని నాకు తెలిసిందానితోని పని గాదు. నువ్వు జెప్పాలె. ఆ గుడిసెల ఆమె పక్కన ఉన్నోనివి నువ్వు.

తెల్వదంటె, పొద్దుగాలనే కట్ట కాడికి వస్త. తవ్వి, ఆమె మన్ను ఏసి, దాని మన్ను తీసుకొని మల్లుత. శుక్రారం పెత్తరమాస, ఇరవై రెండు తారీకు. మంగళారం తవ్వి బుధారం మల్లితె గద్వాల అందుకుంట, దినాం పదిహేను గాదు, ముప్పై మైళ్లు తొక్కుత. తెలుసంటె, ఆ మన్ను ముట్టే చేతులు నాకు లేవు. ఆమె అడిగినా లేవు. ముంత ఈ తుమ్మకే ఉంటది, నువ్వు వచ్చి తీస్కపొయి నువ్వు పెట్టినట్టే పెట్టు. నేను ఆ ఇంటికి మల్ల పోను. ఆ అరుగు మీద కూసొని ఏం ముచ్చట జెప్పాలె.

నువ్వు రాకు. నీ మొకం జూస్తె నేను అడుగలేను, నువ్వు జెప్పలేవు. కాయిదమే పంపు. నేను బతుకుతనా సస్తనా అని ఆలోచన జేసి అబద్ధం రాయకు. ఒకసారి గుంపంత గట్లనే చేసిండ్రు.

పోస్టాఫీసుకు దినాం పోయి అడుగుత. సోమారం, పద్దెనిమిది తారీకు, పొద్దు గుంకేలోపట నాకు అందాలె. తెలుసు, లేకుంటె తెల్వదు. ఒక్క మాట రాయి. కూడబలుక్కోనీకి గూడ అల్కగ ఉంటది.

చెన్నయ్య